శ్రీహరికోట కౌంట్‌డౌన్ అన్ని గంటలు ఎందుకు? 'కౌంట్‌డౌన్ మొదలైంది' అని ఎక్కడ రాయాలి?

అడిగిన ప్రశ్నలు రెండు. పది నుంచి సున్నాకి లెక్కపెట్టడానికి పది సెకన్లు చాలు కదా, శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ 25 గంటలు ఎందుకు నడుస్తుంది? రెండోది, 'ఈ ప్రభుత్వానికి కౌంట్‌డౌన్ మొదలైంది' అని పేపర్లో రాయడం సరైన వాడుకేనా? మొదటిది తేలితే రెండోదానికి జవాబు దాదాపు వచ్చేసినట్టే. అందుకే ముందు రాకెట్ సంగతి.

టీవీలో కనిపించే అంకెలు కౌంట్‌డౌన్‌లో పైకి కనిపించే భాగం మాత్రమే. అసలు కౌంట్‌డౌన్ అంటే ఒక పనుల పట్టిక. ఏ పని ఎన్ని గంటలకు మొదలుకావాలి, ఎవరు చెయ్యాలి, ఎప్పటికి పూర్తికావాలి, అప్పుడు మీటరు మీద ఎంత రీడింగు ఉండాలి, అంతా అందులో ఉంటుంది. రీడింగు సరిగ్గా వస్తేనే తరవాతి పనికి అనుమతి. రాకపోతే గడియారాన్ని ఆపేస్తారు. అంటే కౌంట్‌డౌన్‌లోని ప్రతి గీటూ, ముందుకు పోవాలా వద్దా అని అడిగే చోటు. ఆపడానికి వీలుగానే దాన్ని తయారు చేశారు. దీని గురించి తెలుసుకోవలసిన ముఖ్య విషయం నా దృష్టిలో ఇదే, మిగతా జవాబంతా దీని మీదే నిలబడుతుంది.

చంద్రయాన్-3ని తీసుకోండి. 2023 జులై 14 మధ్యాహ్నం 2:35కి ప్రయోగం. కౌంట్‌డౌన్ 25 గంటల 30 నిమిషాలు. అంటే గడియారం ముందురోజు మధ్యాహ్నం 1:05కే మొదలైంది. అప్పటికి రాకెట్ జోడింపు అయిపోయింది, ఉపగ్రహం పైన కూర్చుంది, సన్నద్ధత సమీక్ష ముగిసింది, ప్రయోగ అనుమతి మండలి సరేనంది. ఇంకా మిగిలిన పనులు ఏవంటే, ముందుగా చేసి పెట్టుకోవడానికి వీల్లేనివి.

వాటిలో పెద్దది ద్రవ ఇంధనం నింపడం. ఘన ఇంధనానికి ఈ బాధ లేదు. అది రబ్బరు ముద్దలా మోటారు కేసులోనే గట్టిపడి ఉంటుంది, వారాల ముందే బిగించేయొచ్చు. చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీలో మూడు ప్రధాన దశలూ ఘన ఇంధనానివే కాబట్టి, 2023 ఫిబ్రవరి 10న దాని రెండో ప్రయోగానికి ఆరున్నర గంటల కౌంట్‌డౌన్ సరిపోయింది. పీఎస్‌ఎల్‌వీ రాకెట్‌లో రెండో దశ, నాలుగో దశ ద్రవ ఇంధనంతో నడుస్తాయి. అందుకే సూర్యుణ్ని చూడ్డానికి వెళ్లిన ఆదిత్య-ఎల్1కి 23 గంటల 40 నిమిషాలు, 104 ఉపగ్రహాలను మోసుకెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ37కి 28 గంటలు పట్టింది. 2013 నవంబరులో మంగళ్‌యాన్‌కి అదే పీఎస్‌ఎల్‌వీ అయినా ఏకంగా 56 గంటల 30 నిమిషాలు పెట్టుకున్నారు. పనుల మధ్య ఎంత జాగా వదులుతారన్నదాన్ని బట్టి గంటలు పెరుగుతాయి, తగ్గుతాయి. అంచేత గంటల సంఖ్య చూసి రాకెట్ పెద్దదా చిన్నదా అని ఊహించడం సరికాదు.

పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో దాదాపు 41 టన్నుల ద్రవాలు పడతాయి. ఇంధనం యూహెచ్25, అంటే మూడు వంతులు యూడీఎంహెచ్ అనే రసాయనం, ఒక వంతు హైడ్రజీన్ హైడ్రేట్. ఆక్సిడైజర్, అంటే ఇంధనం మండడానికి ఆక్సిజన్ ఇచ్చేది, నైట్రోజన్ టెట్రాక్సైడ్. ఈ రెండూ ఒకదానికొకటి తగిలితే చాలు, నిప్పు పెట్టక్కర్లేకుండానే మండుతాయి. అంతరిక్షంలో ఇంజన్ తప్పకుండా వెలగాలంటే అది గొప్ప గుణం, నేల మీద నింపేవాళ్లకు మాత్రం ప్రాణాంతకం. అందుకని రెండింటినీ ఒకేసారి నింపరు. ఒకటి పూర్తిగా నింపి, గొట్టాలు ఖాళీ చేసి, లీకు లేదని తేల్చుకున్నాకే రెండోదానికి చెయ్యి వేస్తారు. రెండూ విషమే. నైట్రోజన్ టెట్రాక్సైడ్ అయితే 21 డిగ్రీలకే మరుగుతుంది, శ్రీహరికోటలో డిసెంబరు పగలు కూడా అంతకన్నా వేడిగానే ఉంటుంది. కాబట్టి మూసిన వ్యవస్థలో, ఒత్తిడి కింద, ఒళ్లంతా కప్పే సూట్లు వేసుకున్న కొద్దిమందితోనే ఆ పని జరుగుతుంది. మిగతా అందరినీ అక్కణ్నుంచి ఖాళీ చేయిస్తారు. గంటలు అక్కడే కరుగుతాయి.

ఎల్‌వీఎం3, జీఎస్‌ఎల్‌వీ రాకెట్లలో దీనికి తోడు క్రయోజెనిక్ దశ, అంటే అతి చల్లటి ద్రవాలతో నడిచే దశ ఉంటుంది. ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీలు, ద్రవ ఆక్సిజన్ మైనస్ 183. ఎల్‌వీఎం3 పైదశలో రెండూ కలిపి దాదాపు 28 టన్నులు. మామూలు వేడిలో ఉన్న గొట్టంలోకి వీటిని వదిలితే తాకిన చోటల్లా ఆవిరైపోతాయి. ముందు గొట్టాలనూ ట్యాంకునూ మెల్లగా చల్లబరచాలి, తరవాత నింపాలి. నింపాక కూడా ఆవిరవుతూనే ఉంటాయి, చివరిదాకా పైపైన పోస్తూనే ఉండాలి. అందుకే క్రయోజెనిక్ నింపడం ముందురోజు పెట్టుకోరు, ఆఖరి గంటలకు వదులుతారు. కౌంట్‌డౌన్‌లో పనుల వరస ఎందుకు అలాగే ఉంటుందని అడిగితే జవాబు ఇదే: ఏది ఎక్కువసేపు నిలవదో అది చివరికి వస్తుంది.

ఇవి కాక హీలియం సీసాలు ఒత్తిడికి నింపడం, ఉపగ్రహం బ్యాటరీ నిండుగా ఉంచడం, దశలను విడగొట్టే పేలుడు పరికరాలకు వేసిన భద్రతా తాళాలు తీయడం, బెలూన్లు ఎగరేసి పైగాలుల లెక్క తీసి దాన్ని బట్టి గమన ప్రోగ్రామును రాకెట్ కంప్యూటర్లోకి ఎక్కించడం, సముద్రంలో పడవలూ ఆకాశంలో విమానాలూ లేకుండా దారి ఖాళీగా ఉందని చూసుకోవడం, ఇవన్నీ సందుల్లో జరిగిపోతాయి. వాన పడితే ప్రయోగం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. మామూలు వానలో రాకెట్ ఎగరగలదు. భయం మెరుపుల గురించీ, పైగాలుల గురించీ. 1969 నవంబరు 14న అపోలో-12 మబ్బుల్లోంచి పైకి లేస్తుంటే మొదటి నిమిషంలోపే రెండుసార్లు పిడుగు తగిలింది. వ్యోమగాములు బతికారు, చంద్రుడి మీద దిగి వచ్చారు కూడా. కానీ మెరుపుల నియమాలు ఆ తరవాత గట్టిపడ్డాయి.

ఆఖరి నిమిషాల్లో పగ్గాలు మనుషుల చేతుల్లోంచి కంప్యూటర్‌కి వెళ్తాయి. దీన్ని ఆటోమేటిక్ లాంచ్ సీక్వెన్స్ అంటారు. మిషన్ డైరెక్టర్ అనుమతి ఇచ్చాక ఇది మొదలవుతుంది. బయటి కరెంటు నుంచి రాకెట్ సొంత బ్యాటరీలకు మారడం, ట్యాంకుల్లో ఒత్తిడి పెంచడం, వాల్వుల స్థితి చూడడం అన్నీ అదే చేస్తుంది. మనిషి చదివి అర్థం చేసుకునేలోపు వందల రీడింగులను హద్దులతో పోల్చి చూస్తుంది. ఒక్కటి హద్దు దాటినా ఆపేస్తుంది. ఎవర్నీ అడగదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పీఎస్‌ఎల్‌వీకీ ఎల్‌వీఎం3కీ సున్నా దగ్గర వెలిగేది ఘన ఇంధన మోటారు. ఒకసారి అంటుకుంటే ఆర్పడం కుదరదు. సున్నాయే గీత. పాత పద్ధతి జీఎస్‌ఎల్‌వీ వేరు. దాని పక్కన ఉండే నాలుగు ద్రవ బూస్టర్లు సున్నాకి 4.8 సెకన్ల ముందే వెలుగుతాయి. ఆ నాలుగూ సరైన బలం ఇస్తున్నాయని కంప్యూటర్ చూసుకున్నాకే మధ్యలోని ఘన మోటారు అంటుకుంటుంది. 2001 మార్చి 28న జీఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగంలో సరిగ్గా ఆ 4.8 సెకన్లలోనే ఒక బూస్టర్ కావలసినంత బలం ఇవ్వలేదు. కంప్యూటర్ నాలుగింటినీ ఆర్పేసింది, మధ్య మోటారు వెలగనేలేదు, రాకెట్ ప్యాడ్ (ప్రయోగ వేదిక) మీదే నిలబడి ఉంది. మూడు వారాల తరవాత, ఏప్రిల్ 18న, అదే జీఎస్‌ఎల్‌వీ-డీ1 ఎగిరింది. ఆ 4.8 సెకన్ల ఏర్పాటు లేకపోతే మూడు బూస్టర్ల బలంతో వంకరగా లేచేది.

అమెరికా స్పేస్ షటిల్లోనూ ఇదే ఆలోచన. ప్రధాన ఇంజన్లు సున్నాకి 6.6 సెకన్ల ముందు వెలిగేవి, పక్కనున్న ఘన బూస్టర్లు సున్నాకి. 1994 ఆగస్టు 18న ఎండెవర్ అనే షటిల్ ఇంజన్లు వెలిగాక, సున్నాకి 1.9 సెకన్ల ముందు కంప్యూటర్ ఆపేసింది. ఆరుగురు వ్యోమగాములు లోపలే ఉన్నారు. అందరూ క్షేమంగా దిగారు.

మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం 2023 అక్టోబరు 21న చేసిన టీవీ-డీ1 పరీక్ష కూడా చూడండి. ఉదయం 8 గంటలకు అనుకున్నది వాతావరణం వల్ల 8:45 అయింది. సున్నాకి 5 సెకన్ల ముందు కంప్యూటర్ ఆపింది. కారణం పట్టుకుని, సరిచేసి, అదే ఉదయం 10 గంటలకు పంపారు.

ఇక్కడ మాటల విషయంలో కాస్త జాగ్రత్త కావాలి, ఎందుకంటే మన పత్రికలు అన్నిటికీ 'వాయిదా' అని రాసేస్తాయి. గడియారం ఆపి, కారణం చూసి, మళ్లీ అదే రోజు నడిపితే అది హోల్డ్. ఆ రోజుకి ఇక వద్దనుకుంటే స్క్రబ్. ఇంజన్ వెలిగే క్రమం మొదలయ్యాక యంత్రమే తుంచేస్తే అబార్ట్. మూడింటి తరవాత చెయ్యాల్సిన పని వేరువేరుగా ఉంటుంది. హోల్డ్‌కి కొన్ని నిమిషాలు చాలవచ్చు. స్క్రబ్ అయితే నింపిన ద్రవాలన్నీ వెనక్కి తీయాలి, క్రయోజెనిక్ ట్యాంకులు వేడెక్కేదాకా ఆగాలి, హైడ్రోజన్ ఆనవాలు లేకుండా వాయువుతో కడగాలి, అప్పుడుగానీ మనుషులు దగ్గరికి వెళ్లరు.

చంద్రయాన్-2కి జరిగింది అదే. 2019 జులై 15 తెల్లవారుజామున 2:51కి ప్రయోగం. రాష్ట్రపతి కూడా వచ్చి కూర్చున్నారు. 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర గడియారం ఆగింది. అప్పటికి హైడ్రోజన్ నింపడం అయిపోయింది. అంత నింపాక, అంతమంది చూస్తుండగా 'ఆపండి' అనగలగడం చిన్న విషయం కాదు. ద్రవాలు తీసేసి, లోపం సరిచేసి, 20 గంటల కొత్త కౌంట్‌డౌన్‌తో జులై 22 మధ్యాహ్నం 2:43కి పంపారు. వారం పోయినా చంద్రుడి మీద దిగే తేదీని మార్చలేదు, చంద్రుడి చుట్టూ తిరిగే రోజులు కుదించి సర్దారు. ఆ రాత్రి చాలా చోట్ల 'ఇస్రోకి ఎదురుదెబ్బ' అన్న ధోరణి కనిపించింది. నేను దాన్ని కౌంట్‌డౌన్ తన పని తాను చేసిన రాత్రిగా చూస్తాను.

ఇంకా గట్టి ఉదాహరణ 2013 ఆగస్టు 19. జీఎస్‌ఎల్‌వీ-డీ5, 29 గంటల కౌంట్‌డౌన్, ఇంకో 74 నిమిషాలే మిగిలాయి. రెండో దశలో ఎగిరే ముందు ఒత్తిడి పెంచుతుంటే ఇంధన ట్యాంకు కారింది. రద్దు చేశారు. తరవాత విప్పి చూస్తే, ఆ ట్యాంకు చేసిన అల్యూమినియం మిశ్రమానికి ఒత్తిడీ తుప్పూ కలిసినప్పుడు పగుళ్లు వచ్చే గుణం ఉందని తేలింది. వేరే మిశ్రమంతో చేసిన కొత్త రెండో దశను బిగించి 2014 జనవరి 5న పంపారు. మన సొంత క్రయోజెనిక్ ఇంజన్ మొదటిసారి విజయవంతమైంది ఆ రోజే. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని పరీక్షలు చేసినా ఆ పగులు బయటపడలేదు. నిజం ద్రవం పోసి, నిజం ఒత్తిడి ఎక్కించినప్పుడే బయటపడింది. కౌంట్‌డౌన్ ఆ రకంగా ఆఖరి పరీక్ష కూడా.

అయితే అది అన్నిటినీ పట్టుకోలేదు. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 కౌంట్‌డౌన్ సాఫీగా ముగిసింది, కింది రెండు దశలూ బాగా నడిచాయి. పైకి వెళ్లాక క్రయోజెనిక్ దశ వెలగాల్సిన సమయానికి హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి తగ్గి ఉంది. ఒక వాల్వు దగ్గర లీకే కారణమని తరవాత తేల్చారు. నేల మీద ఉండగా కనబడని లీకుని నేల మీద ఆపడం ఎవరి వల్లా కాదు.

ఈ వెనక్కి లెక్కపెట్టే అలవాటు రాకెట్ శాస్త్రం కంటే ముందు సినిమాలో కనబడింది. 1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన మూకీ చిత్రంలో చంద్రుడికి వెళ్లే రాకెట్‌కి అంకెలు తగ్గుతూ వస్తాయి. ఉత్కంఠ కోసం పెట్టింది. ఆ సినిమాకు సలహాదారు రాకెట్ శాస్త్రవేత్త హెర్మన్ ఓబెర్త్. తరవాత ఇంజినీర్లకూ అది పనికొచ్చింది, ఎందుకంటే 'ప్రయోగానికి ఇంకా ఎంత' అన్న ప్రశ్నకి అందరికీ ఒకే జవాబు దొరుకుతుంది. రష్యన్లు మాత్రం దీన్ని అంతగా పట్టించుకోలేదు. బైకనూర్‌లో సోయజ్ లేచేటప్పుడు మామూలు గడియారం ప్రకారం వరసగా ఆజ్ఞలు వినబడతాయి, వాటిలో 'పూస్క్' (ప్రయోగం) ఒకటి. పది, తొమ్మిది, ఎనిమిది ఉండవు. 1984లో రాకేశ్ శర్మ వెళ్లింది ఆ పద్ధతిలోనే. అంటే అంకెలు లేకపోయినా రాకెట్ లేస్తుంది. పనుల పట్టిక లేకపోతే లేవదు.

నాసాలో రెండు గడియారాలుంటాయి. ఎల్-మైనస్ అంటే ప్రయోగానికి నిజంగా మిగిలిన సమయం. టీ-మైనస్ అంటే పనుల గడియారం. రెండోది కావాలనే అక్కడక్కడా ఆగుతుంది. షటిల్‌కి టీ-మైనస్ 43 గంటల దగ్గర మొదలయ్యే కౌంట్‌డౌన్ నిజానికి మూడు రోజుల దాకా నడిచేది. వెనకబడిన పనులు అందుకోవడానికీ, సిబ్బంది కాస్త ఆలోచించుకోవడానికీ ముందే రాసిపెట్టిన ఆగుడు వేళలు అందులో ఉండేవి. టీ-మైనస్ 9 నిమిషాల దగ్గరా ఒకటి తప్పకుండా ఉండేది. ప్రత్యక్ష ప్రసారంలో 'గడియారం ఆగిపోయింది' అనగానే కంగారు పడక్కర్లేదు, అది రాసిపెట్టిన ఆగుడేమో ముందు చూడండి.

గడియారం ఆపుకునే స్వేచ్ఛకి హద్దు ఒకటి ఉంది, అది లాంచ్ విండో. 'ప్రయోగానికి ముహూర్తం ఖరారు' అని తెలుగు పత్రికలు రాసేది దీని గురించే, ఆ మాట చాలా బాగా కుదిరింది. భూమి తిరుగుతోంది, కావలసిన కక్ష్య ప్యాడ్ పైకి ఒక సమయంలోనే వస్తుంది, దాటితే మళ్లీ రేపటిదాకా, చంద్రుడికైతే ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆగాలి. ఆ ముహూర్తం లోపల కూడా చిన్న సర్దుబాట్లుంటాయి. దారిలో ఏ శిథిలం ముక్కో, ఇంకో ఉపగ్రహమో అడ్డొస్తుందని లెక్క తేలితే సున్నాని కొంచెం జరుపుతారు. చంద్రయాన్-3ని అందుకే 4 సెకన్లు ఆలస్యంగా పంపారు. 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60ని రాత్రి 9:58 నుంచి 10 గంటలకు జరిపారు.

ఇక రెండో ప్రశ్న. తెలుగులో ఈ మాట ఇప్పుడు రెండు దిక్కులకు పోయింది. ఒకటి ఎదురుచూపు: సినిమా విడుదలకి, పదో తరగతి పరీక్షలకి, బతుకమ్మకి 'కౌంట్‌డౌన్ షురూ'. రెండోది చావు గంట: ఫలానా నాయకుడికి, ఫలానా సర్కారుకి కౌంట్‌డౌన్ మొదలైంది, అంటే పని అయిపోయిందని. ఈ రెండో వాడుక నాకు నచ్చదు, దానికి కారణం చెప్తాను. రాకెట్ కౌంట్‌డౌన్‌లో సున్నా దగ్గర ఏదీ ముగిసిపోదు. గడియారం అక్కణ్నుంచి ప్లస్ వైపు తిరుగుతుంది, అసలు యాత్ర అప్పుడు మొదలవుతుంది. పైగా సున్నా తప్పదని ఎవరూ హామీ ఇవ్వరు. కూలిపోక తప్పనిదాని గురించి చెప్పాలంటే మన దగ్గర మాటలకు కరువా? రోజులు దగ్గరపడ్డాయి, నూకలు చెల్లాయి, రోజులు లెక్కపెట్టుకుంటున్నారు, పాపం పండింది. ఒక్కోదానికీ ఒక్కో బరువు ఉంది. 'నూకలు చెల్లాయి' అన్నచోట 'కౌంట్‌డౌన్' పెడితే ఆ బరువు పోతుంది, రాకెట్ అర్థమూ రాదు.

కౌంట్‌డౌన్ అన్న మాట అచ్చంగా అతికే చోటు ఎన్నికలే, కాకపోతే సర్కారు పడిపోవడానికి కాదు, పోలింగ్‌కి. పోలింగ్ ముగిసే వేళకి 48 గంటల ముందు ప్రచారం ఆగాలి. ముందురోజు సిబ్బంది పంపిణీ కేంద్రంలో ఈవీఎంలు, సామగ్రి తీసుకుని, సరిచూసుకుని బూత్‌కి చేరాలి. ఓటింగ్ మొదలుకావడానికి 90 నిమిషాల ముందు ఏజెంట్ల ఎదుట మాక్ పోల్, కనీసం 50 ఓట్లు. ఆ ఓట్ల లెక్క, వీవీప్యాట్ చీటీల లెక్క సరిపోవాలి. తరవాత కంట్రోల్ యూనిట్‌లో ఆ ఓట్లు క్లియర్ చెయ్యాలి, చీటీలు పెట్టెలోంచి తీసేయాలి, సీలు వెయ్యాలి. అప్పుడు మొదటి ఓటరు. యంత్రం తేడాగా ఉంటే అక్కడే ఆపి మారుస్తారు. క్లియర్ చెయ్యడం మరిచిపోతే ఆ తప్పు లెక్కింపు రోజున బయటపడుతుంది, అప్పటికి సరిచేసే దారి ఇరుకైపోతుంది. నిర్ణయించిన సున్నా ఉంది, వరస తప్పకూడని పనులు ఉన్నాయి, ప్రతి మెట్టులో ఆపే అధికారం ఉంది, సున్నా తరవాత అసలు పని ఉంది. 'పోలింగ్‌కు కౌంట్‌డౌన్' అని రాస్తే ప్రతి అక్షరం నిజం.

పరీక్షలకి వాడొచ్చా? 'ఇంకా 30 రోజులే' అని గోడ మీద రాసుకోవడం తేదీ లెక్క. ఏ రోజుకి ఏ పాఠం తిరగేయాలి, ఏ నమూనా పేపరులో ఎన్ని మార్కులు రాకపోతే ముందుకెళ్లకుండా వెనక్కొచ్చి మళ్లీ చదవాలి అని కూడా రాసుకుంటే అది కౌంట్‌డౌన్. సినిమా విడుదలకి అయితే, ప్రేక్షకుడి వైపు నుంచి అది ఎదురుచూపే. ప్రింట్లు, సెన్సారు, థియేటర్ల ఒప్పందాలు చూసే నిర్మాత ఆఫీసులో మాత్రం నిజమైన కౌంట్‌డౌనే నడుస్తుంది. వార్త ఎవరి వైపు నుంచి రాస్తున్నారో చూసుకుని మాట ఎంచుకోండి. సర్కారు వార్తకైతే 'రోజులు దగ్గరపడ్డాయి' అని రాయండి, అదీ ఆధారం ఉంటేనే.